నాకు తెలియని పేరు నేనే పిలిచాను

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళు మంట. మా నర్సింగు హాస్టలు కిటికీ తీస్తే ఎదురుగా మార్చురీ. ఆ కిటికీ దగ్గరే చదువుకున్నాం, అక్కడే కూర్చుని ఉప్మా తిన్నాం. ఒక్క దెయ్యమూ వచ్చి పలకరించలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా కాన్పుల గదిలో పని చేస్తున్నాను. ప్రాణం రావడం చూశాను, పోవడం చూశాను. గాలి సోకిందని ఎవరైనా తీసుకొస్తే ముందు బీపీ చూసేదాన్ని. ఇప్పటికీ ముందు బీపీయే చూస్తాను.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివాక "పాపం, కొండల్లో ఉండి ఉండి సిస్టరుకి మతి పోయింది" అనేవాళ్ళు ఉంటారు. అనుకోండి. నాకు పోయేదేం లేదు.

మాది బొబ్బిలి పక్క పల్లె. అనంతగిరి దారిలో ఒక చిన్న ఆసుపత్రికి బదిలీ మీద వచ్చాను. దాని పేరు రాయను, రాస్తే మళ్ళీ అదో గొడవ. వచ్చిన కొత్తలో నాకు అక్కడ ఒకటే చికాకు. కాన్పుకి వచ్చిన ఆడవాళ్ళు కుదురుగా ఉండరనీ, చెప్పకుండా వెళ్ళిపోతారనీ అందరూ విసుక్కునేవాళ్ళు. ఎందుకు వెళ్ళిపోతున్నారో అడిగినవాళ్ళు లేరు. నేను అడిగాను. మంచం ఎత్తుగా ఉంది, పడిపోతామని భయం అన్నారు. చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగనివ్వట్లేదు అన్నారు. అమ్మని, అత్తని గేటు బయట ఆపేస్తున్నారు అన్నారు. ఇందులో వింతేముంది? నాకు మాత్రం పురిటప్పుడు మా అమ్మ పక్కన ఉండొద్దా? నా డ్యూటీలో కింద పరుపు వేయించాను, అంబలి రానిచ్చాను, ఇంటి మనిషిని ఒకరిని లోపలికి పంపించాను. అప్పటినుంచి మంచాలు ఖాళీ అవడం తగ్గింది.

మంగిలి వానాకాలంలో వచ్చింది. కొండ అవతలి ఊరు. ఇంట్లో కువి భాష మాట్లాడే వాళ్ళు, మాతో మాత్రం తెలుగే మాట్లాడతారు. వెంట మొగుడు బీసు, అత్త దాసమి. తొలి కాన్పే అయినా సులువుగా అయిపోయింది. ఆడపిల్ల. బరువు బాగుంది, రంగు బాగుంది, పుట్టగానే ఏడ్చింది.

ఏడ్చి ఊరుకుంది, అంతే. మళ్ళీ నోరు తెరవలేదు.

రొమ్ము అందిస్తే పెదవి కదపదు. పాలు పిండి చెంచాతో పోస్తే పక్కనుంచి కారిపోతాయి. అరికాలు మీద తడితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేస్తుంది. మర్నాటికి షుగరు పడిపోయింది. డాక్టరు గారు గ్లూకోజు పెట్టించి, విశాఖపట్నం పంపేద్దాం అన్నారు. ఆయన మంచి డాక్టరే, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ విశాఖ వైపు ఘాటు రోడ్డు మీద రాళ్ళు పడ్డాయి. అంబులెన్సు అవతల ఆగిపోయింది, రాళ్ళు తీసేదాకా రాలేనని డ్రైవరు ఫోన్లో మొత్తుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం దాసమి వచ్చి, పిల్లని ఇంటికి తీసుకుపోతామని చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"పేరు లేని గుంట పాలు తాగదు సిస్టరమ్మా. ఎవులు వొచ్చినారో ముందు తేలాల."

గుంట అంటే ఆ వైపు ఆడపిల్ల. వాళ్ళ ఇళ్ళల్లో బిడ్డ పుట్టిందంటే, పోయిన పెద్దల్లో ఎవరో ఒకరు తిరిగి వచ్చినట్టు. ఎవరు వచ్చారో గింజలు వేసి చూస్తారు. నీళ్ళ గిన్నెలో బిడ్డ పేరున ఒక వడ్ల గింజ వదులుతారు. తర్వాత పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్తూ ఒక్కొక్క గింజ వేస్తారు. ఏ పేరుతో వేసిన గింజ వెళ్ళి బిడ్డ గింజని అంటుకుంటుందో ఆ పేరే పెడతారు. అది తేలేదాకా బిడ్డ చుట్టంలాంటిదే, చుట్టం తనంతట తాను అన్నం పెట్టుకు తినదు కదా అంటుంది దాసమి.

డాక్టరు గారు ససేమిరా అన్నారు. గ్లూకోజు తీస్తే పిల్ల కొండ ఎక్కేలోపే పోతుంది. అది నిజం, నాకూ తెలుసు. కానీ బీసు అప్పటికే జీపు మాట్లాడ్డానికి వెళ్ళిపోయాడు. వద్దు అని అరిస్తే వాళ్ళు ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. మేం భోజనానికి వెళ్ళినప్పుడు సూది తీసేసి పిల్లని చీర కొంగులో కట్టుకుని వెళ్ళిపోతారు. నా ముందున్న లెక్క ఒక్కటే, పిల్ల మంచం మీద ఉండాలి, సూది చేతికి ఉండాలి. దానికోసం నేను ఏదైనా చేస్తాను.

"ఆ గింజలేవో ఇక్కడే వేసి చూడమ్మా, పిల్ల మాత్రం కదలడానికి లేదు" అన్నాను.

దాసమి నన్ను ఎగాదిగా చూసింది. "ఆసుపత్రిలోనా? మా పెద్దలు ఇక్కడికి వొత్తారేటి?"

"ఇన్ని కొండలు ఎక్కేవాళ్ళకి మా మెట్లు ఎక్కడం రాదేటి?" అన్నాను.

ఆవిడ ఫక్కున నవ్వేసింది. మంగిలి కూడా నవ్వింది, పిల్ల పుట్టాక మొదటిసారి.

మామూలుగా ఊళ్ళో పెద్దాయన చేస్తాడట ఆ పని. ఆయన వానలో రాలేడు కాబట్టి దాసమే కూర్చుంది. కుళాయి నీళ్ళు వద్దంది, చూరు కింద గిన్నె పెట్టి వాన నీళ్ళు పట్టింది. గింజలు ఆవిడ కొంగు ముడిలోనే ఉన్నాయి. మంగిలి పక్కన పిల్ల. నేను ఒక చేత్తో పిల్ల సూది ఉన్న చేయి పట్టుకున్నాను, రెండో చేత్తో గిన్నె కదలకుండా పట్టుకున్నాను. పట్టపగలు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, అవతల మంచం ఆవిడ అంబలి తాగుతూ మావైపే చూస్తోంది. చీకటి లేదు, దీపం ఆరిపోవడం లేదు, కుక్క ఏడవడం లేదు.

మొదటి గింజ నీళ్ళ మధ్యలో తేలింది. దాసమి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారి పేరు, మామగారి తల్లి పేరు, ఇంకా వెనకటివాళ్ళవి. పేరు పేరుకీ ఒక గింజ. ఒక్కటీ మధ్యకి పోలేదు. అన్నీ జారి గిన్నె అంచుకి అతుక్కున్నాయి. పిల్లలో చలనం లేదు.

చివరికి ఆవిడ గుప్పిట్లో ఒక్క గింజ మిగిలింది. "అయిపోనారు" అంది. ఆ గొంతు విని మంగిలి ఏడుపు మొదలెట్టింది.

అప్పుడు నేను పిలిచాను.

చెప్పాలని అనుకోలేదు. నోట్లో మాటేదీ లేదు. సెలైను చుక్కలు చూస్తున్నాను, సరిగ్గా పడుతున్నాయా లేదా అని, అంతే. "కుందిరీ..." అని గట్టిగా, చివర బాగా సాగదీసి, కొండ మీద ఉన్న పిల్లని కింద పొలంలోంచి కూడుకి పిలిచినట్టు పిలిచాను. నా గొంతు కొంచెం బొంగురు, పాట కూడా రాదు. ఆ పిలుపు సన్నగా, తీగలా పోయింది. నా నోరు నాకే కొత్తగా అనిపించింది.

దాసమి చేతిలో గింజ జారి నీళ్ళలో పడింది. నేరుగా వెళ్ళి బిడ్డ గింజని అంటుకుని ఆగింది.

పిల్ల నా చేతిలోంచి చేయి లాక్కుంది. ముఖం ఎర్రగా చేసుకుని ఒక్క ఏడుపు ఏడ్చింది, కిటికీ దగ్గర పిచ్చుకలు ఎగిరిపోయాయి. మంగిలి చప్పున రొమ్ముకి అందించింది. పట్టుకుంది. గుటకలు వినిపించాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ గుటకల చప్పుడు విని నేను ఏడ్చింది అదొక్కసారే, చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

దాసమి నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా. "ఆ పేరు నీకెవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ పేరే నేను ఎప్పుడూ వినలేదు. బుధవారం పుడితే బుద్రి, శుక్రవారం పుడితే సుక్రి, అలాంటి పేర్లయితే రోజూ పిలుస్తాను, అలవాటుగా వచ్చిందనుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. "ఎవరమ్మా కుందిరి?" అని మంగిలిని అడిగాను. తనకీ తెలీదు. అత్తవారింట్లో ఆ పేరు తను ఒక్కసారీ వినలేదంది.

ఈలోగా డాక్టరు గారు వచ్చారు. గిన్నె, గింజలు, నేల మీద నీళ్ళు అన్నీ చూశారు. పిల్ల పాలు తాగడం కూడా చూశారు. వెంటనే షుగరు పరీక్ష చేయించారు, పెరిగింది. "గ్లూకోజు పని చేసింది" అన్నారు. నిజమే సార్ అన్నాను. తర్వాత నన్ను బయటికి పిలిచి, వార్డులో ఈ మూఢనమ్మకాలేంటి, తప్పయిందని రాసివ్వు అన్నారు.

"పిల్ల ఇక్కడ ఉంది కాబట్టే గ్లూకోజు ఎక్కింది సార్. పిల్ల ఇక్కడ ఎందుకు ఉందో మీకూ తెలుసు. నేను రాయను" అన్నాను.

రాయలేదు. పైవాళ్ళు కూడా అడిగారు, అప్పుడూ రాయలేదు. బదిలీ చేస్తామన్నారు, చేసుకోండి అన్నాను. నర్సుగా నేను చేయాల్సింది చేశాను. అందులో తప్పేదో చూపిస్తే అప్పుడు రాస్తాను.

సాయంత్రం వాన తగ్గాక దాసమి వరండాలో నా పక్కన కూర్చుని చెప్పింది. కుందిరి ఆవిడ పెద్ద కూతురు. బీసు అప్పటికి చిన్నవాడు. తొలి కాన్పు కష్టమైతే దిగువకి, ఒక పెద్ద ఆసుపత్రికి మోసుకుపోయారు.

"నన్ను గేటు కాడే ఆపేసినారు. లోపల్నుంచి అమ్మా అమ్మా అని పిలిసింది. నాను బయట్నుంచి పలికినాను. కుందిరీ అని అరిసినాను. దానికి వినబడినాదో లేదో తెల్దు. అది మరి పిలవనేదు."

పురిట్లో పోయినవాళ్ళ పేరు వాళ్ళ ఇళ్ళల్లో మళ్ళీ పెట్టరు. గింజల దగ్గర కూడా ఆ పేరు ఎత్తరు. అందుకే ఆ రోజు అన్ని పేర్లు చెప్పిన మనిషి ఆ ఒక్కటీ చెప్పలేదు. గదిలో ఆ పేరు తెలిసింది ఆవిడ ఒక్కర్తికే. బీసు జీపు దగ్గర ఉన్నాడు.

"పేరేగాదు సిస్టరమ్మా," అంది, "నువ్వు పిలిసినావే, అది నా పిలుపు. ఆ గేటు కాడ నాను అలాగే పిలిసినాను."

అంబలి తాగుతావా అని అడిగాను.

రాళ్ళు తీశాక అంబులెన్సు వచ్చింది గానీ, దాని అవసరం లేకపోయింది. పిల్లకి కుందిరి అనే పేరు పెట్టారు. ఊళ్ళో గొణిగారట, కీడన్నారట. "నా గుంట పేరు నాను పెట్టుకున్నాను, ఎవులొచ్చి అడుగుతారో అడగనీ" అందట దాసమి. ఆ మాట బీసు చెప్తే నాకు చాలా సంతోషం వేసింది. అక్కడ ఆవిడ, ఇక్కడ నేను, ఇద్దరం మొండిఘటాలమే.

గింజల సంగతి నన్ను అడగొద్దు. నీళ్ళ మీద తేలే గింజలు వాటంతటవే దగ్గరికి చేరతాయని మా అబ్బాయి చెప్పాడు, స్కూల్లో చేసి చూపించారట. చేరనీ. పిల్ల తాగడానికి గ్లూకోజే కారణం అన్నా ఒప్పుకుంటాను. పేరు సంగతి చెప్పండి. నా గొంతు కాని ఆ గొంతు సంగతి చెప్పండి. ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను. దెయ్యాలున్నాయని మాత్రం నాచేత అనిపించలేరు.

నా డ్యూటీలో ఏ తల్లీ గేటు బయట నిలబడదు. ఇది మాత్రం ఎవరు అడిగినా ఇదే చెప్తాను.

టీకాలకి వచ్చినప్పుడల్లా దాసమి మనవరాలిని ఎత్తుకుని నా ముందు నిలబడుతుంది. ఆ రోజు పిలిసినట్టు ఒకసారి పిలు సిస్టరమ్మా అంటుంది. నేను చేతిలో పని పక్కన పెట్టి, ఊపిరి బాగా పీల్చుకుని, కుందిరీ అని సాగదీసి పిలుస్తాను. పిల్ల నావైపు చూసి బోసినోటితో నవ్వుతుంది. దాసమి తల పక్కకి వంచి వింటుంది, చాలాసేపు వింటుంది.

"అలా కాదు" అంటుంది. మళ్ళీ పిలవమంటుంది.