రుమేనియాకు వదిలిన గడి

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. ఎత్తు పద్నాలుగు వేల ఎనిమిది వందల అడుగులు. ఏప్రిల్ ఆఖరు. ఖరగ్‌పూర్‌లో ఆ వేళకి తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుపోతుంటాయి. ఇక్కడ నా మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, దానిపైన వైర్‌లెస్ బ్యాటరీ. చివరి మలుపులో రెండుసార్లు కూలబడ్డాను. రేషన్ మోసే కంచరగాడిద నన్ను దాటుకుని పోయింది, చాలా సిగ్గేసింది.

ఉత్తర సిక్కింలో సరిహద్దు పోస్టు. ఆరు నెలల డ్యూటీ. నేను సిగ్నల్ ఆపరేటర్‌ని. బంకర్ అంటే రాళ్ల గోడ, ఇసుక సంచులు, పైన రేకు, రేకు మీద మట్టి. లోపల తొమ్మిది మందిమి, ఒక కిరోసిన్ పొయ్యి. ముందు పోస్టు కిలోమీటరున్నర దూరంలో, మంచు వాలుకు అవతల. అక్కడ ఐదుగురు. రెండిటికీ మధ్య టెలిఫోన్ తీగ. తీగ తెగితే వైర్‌లెస్ సెట్టు. సెట్టులో పని మాట తప్ప మరోటి మాట్లాడకూడదు, సరిహద్దుకు అటువైపు వాళ్లు వింటుంటారు. ఫోన్లో అంత పట్టింపు లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి. నా కథంతా అక్కడే ఉంది.

తీగ చూసుకునే పని లైన్‌మన్‌ది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను బూట్లు విప్పుతుంటే హిందీలో ఏ ఊరని అడిగాడు. ఖరగ్‌పూర్ అన్నాను. ఆయన చేతిలో మగ్గు అలాగే ఆగిపోయింది.

"ఖరగ్‌పూరా? ఏటి, మన తెలుగోడివేనా? నానూ అక్కడోణ్నే రా తమ్ముడూ. మా అయ్య వర్క్‌షాపులో మిస్త్రీ."

మా నాన్న కూడా ఆ రైల్వే వర్క్‌షాపే. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లే. గోల్‌బజార్ చేపల దుకాణాల దగ్గర ఇద్దరం ఎన్నిసార్లు ఒకరినొకరు తోసుకుని ఉంటామో! పలకరించుకోవడానికి పద్నాలుగు వేల అడుగులు ఎక్కవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్నయ్య. నా వాటా రమ్ము ఆయనకు, ఆయన వాటా బెల్లం నాకు.

మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. మరమ్మతుకు వచ్చిన వ్యాగన్లను నిలిపే పట్టాలను సిక్ లైన్ అంటారు. అక్కడ నిలబడ్డ బండి సిక్ బండి. దాని ఒంటి మీద సుద్దతో ఏం పాడైందో రాస్తారు. ఫుట్‌బాల్ టోర్నమెంట్ వచ్చిందంటే ఆ సుద్దకు మరో పని పడేది. ఎక్కువ రోజులు ఉండిపోయే సిక్ బండిని ఒకదాన్ని చూసి, జట్టుకొక గడి గీసి, ఎవరి బలమేమిటో, ఎక్కడ పాడైందో బండికి రాసినట్టే రాసేవారు. ఆట అయ్యేదాకా ఎవరూ చెరపకూడదు. ఆ రాతలో లైన్‌మన్ వాళ్ల నాన్నది అందెవేసిన చెయ్యి. కొడుక్కీ అదే పిచ్చి.

అది 1970, మెక్సికోలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగే ఏడాది. పన్నెండు రోజుల పాత పేపరు కంచరగాడిద మీద వచ్చింది. లైన్‌మన్ దాన్ని పొయ్యి దగ్గర పరిచి ఒక గ్రూపు మీద వేలు పెట్టాడు. బ్రెజిల్, ఇంగ్లండ్, చెకోస్లోవేకియా, రుమేనియా.

"నలుగుర్లో ఇద్దరే బయటపడతారు. ఇందులో పడ్డోడి గతి ఏటి రా తమ్ముడూ!"

రోజుకొక జట్టు చొప్పున చెబుతానన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు, ఫోన్లో, ముందు పోస్టు ఐదుగురికీ. అక్కడ పెద్ద ఒక గూర్ఖా నాయక్. బంతి పేరెత్తితే అన్నం మానేసే మనిషి. మా పోస్టు పెద్ద హవల్దార్‌ని అడిగితే పదిహేను నిమిషాలు దాటకూడదన్నాడు, పదహారో నిమిషానికి ఆయనే వచ్చి కూర్చున్నాడు. లైన్‌మన్ హిందీలో చెప్పేవాడు. ముందు నా మీద తెలుగులో సాధన చేసేవాడు. రాత్రి అదే ఉత్తరంగా రాసి వాళ్ల నాన్నకు పంపేవాడు.

మొదటి రోజు బ్రెజిల్. "ముందున్నోళ్లు మేళంగాళ్లు, ఎనకున్నోళ్లు పెళ్లికొచ్చినోళ్లు. గోల్ కొడతారు, గోల్ తింతారు. కిందటిసారి తన్ని ఇంటికి పంపీసినారు కదా, ఆ కసి ఉన్నాది."

రెండో రోజు ఇంగ్లండ్. "కప్పు ఆళ్లింట్లోనే ఉన్నాది. తలుపు గొళ్లెం ఏసుకుని ఆడతారు. ఒక్క గోల్ కొట్టీసి, సాలని కూకుంతారు."

మూడో రోజు చెకోస్లోవేకియా. "ఎనిమిదేళ్ల కిందట ఫైనల్ దాకా ఎల్లి బ్రెజిల్ సేతిలో ఓడినారు. ఇప్పుడు మొదటి ఆటే మళ్లీ బ్రెజిల్‌తోటి. కాళ్లు మంచివే, రాతే బాగోదు."

అవతల ఐదుగురి నవ్వు ఒక్క రిసీవర్లోంచి వినిపించేది. ఆ మూడు సాయంత్రాలు నాకు చలి గుర్తు లేదు.

నాలుగో రోజు రుమేనియా. దాని గురించి మాకెవరికీ ఏమీ తెలియదు. పోర్చుగల్ ఉన్న గ్రూపులో గెలిచి వచ్చిందని పేపర్లో ఒక్క ముక్క ఉంది. ముందు నాకు చెప్పమని పొద్దున్నే బతిమాలాను. ఆ రోజు సాధన కూడా చెయ్యనన్నాడు.

"మిగతా మూడూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. నీకిప్పుడు సెప్పీస్తే ఆ ఐదుగురికీ సద్దన్నం పెట్టినట్టుంటాది. అందరికీ ఒక్కసారే."

ఆ రోజు ఉదయం నుంచి మంచు. మధ్యలో సన్నటి వాన. ఒంటి గంటా ఇరవైకి ఫోన్ హ్యాండిల్ తిప్పితే అటు ఉలుకూ పలుకూ లేదు. తీగ తెగింది. రెండు గంటలకు వైర్‌లెస్‌లో ముందు పోస్టును పిలిచాను. నాయక్ గొంతు గంట కొట్టినట్టు వినిపించింది. అంతా ఠీక్ హై అన్నాడు.

హవల్దార్ అడిగాడు. "సెట్ సాఫ్ హై? తో లైన్ కల్ దేఖేంగే."

సెట్టు బాగుంటే తీగ సంగతి రేపు చూద్దామంటున్నాడు. సరైన మాట. నేను, "సాఫ్ నహీ హై సాబ్. ఖర్‌ఖర్ హై," అన్నాను.

సెట్టు గరగరమంటోందని. ఒక్క అబద్ధం. రుమేనియా కోసం. ఇరవై మూడేళ్లవాణ్ని. సాయంత్రం నాలుగున్నర ఖాళీగా పోతుందనే తప్ప ఇంకేమీ తట్టలేదు. లైన్‌మన్ నా వైపు చూసి కన్ను గీటాడు. సెట్టు బాగుందని ఆయనకూ తెలుసనుకుంటాను. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ కన్ను గీటడం నన్ను తేలిక చెయ్యలేదు.

రెండుంపావుకి బయల్దేరాడు. వెంట ఒక రైఫిల్‌మన్. కేబుల్ చుట్ట, పటకారు, టేపు, టెస్ట్ ఫోన్. "ఎల్లొస్తాను రా. టీ ఎట్టి ఉంచు."

మూడూ నలభైకి ఫోన్ మోగింది.

"హలో, ఇనిపిస్తందా?"

"ఇనిపిస్తంది అన్నయ్యా."

"ముందు పోస్టోళ్లకీ ఇనిపిస్తంది. నాలుగున్నరకి అందర్నీ కూకోబెట్టు."

నాలుగూ ఇరవైకి రైఫిల్‌మన్ ఒక్కడే వచ్చాడు. చేతికి గ్లవ్ లేదు, గోళ్లలోంచి రక్తం. వాలు మీది మంచు జారిందన్నాడు. వెనక వస్తున్న లైన్‌మన్ మీద పడిందన్నాడు. చేతులతో తవ్వానన్నాడు. హవల్దార్ నలుగుర్ని పారలతో పరిగెత్తించాడు. నన్ను సెట్టు దగ్గరే ఉండమన్నాడు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. ఆయన కలిపిన తీగ చక్కగా పనిచేస్తోంది.

"హాఁ భాయ్, సబ్ బైఠే హైఁ," అన్నాడు గూర్ఖా నాయక్. "రుమేనియా శురూ కరో."

అందరూ కూర్చున్నారట, మొదలుపెట్టమంటున్నాడు. నేను రిసీవర్ చెవికి నొక్కుకున్నాను. నాయక్ రెండుసార్లు హలో అన్నాడు. వెనక ఎవరో నవ్వుతున్నారు. హవల్దార్ నా చేతిలోంచి రిసీవర్ తీసుకున్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు దొరికాడు. పటకారు చేతిలోనే ఉంది. ఉత్తరం కోసం జేబులు వెతికాను. లేదు. ముందు చెప్పి తర్వాత రాయడం ఆయన అలవాటు. 'వైర్‌లెస్ సరిగా లేనందున తీగ మరమ్మతుకు పంపబడినాడు' అని హవల్దార్ రిపోర్టు రాశాడు. నా అబద్ధం కాగితమెక్కింది. నేను నోరు విప్పలేదు.

జూన్‌లో ఒక ఉదయం రేడియో వార్తల్లో విన్నాం. బ్రెజిల్ మూడు, రుమేనియా రెండు. వంటవాడు రేడియో కట్టేశాడు. నేను బయటికి పోయి ఇసుక సంచుల వెనక ఏడ్చాను.

నవంబర్లో సెలవు మీద ఖరగ్‌పూర్ వచ్చాను. నిజం చెప్పేద్దామని నిశ్చయించుకునే రైలు దిగాను. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సిక్ లైన్‌కు వెళ్లాను. లైన్‌మన్ వాళ్ల నాన్న ఒక వ్యాగన్ పక్కన నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, కొడుకు కళ్లే. నేనెవరినో చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత వ్యాగన్ వైపు తిప్పాడు.

దాని మీద సుద్దతో నాలుగు గడులు. మూడింటి నిండా రాత. మేళంగాళ్లు, పెళ్లికొచ్చినోళ్లు. తలుపు గొళ్లెం. కాళ్లు మంచివే, రాతే బాగోదు. నాలుగో గడిలో పైన రుమేనియా అని పేరుంది. కింద ఏమీ లేదు.

"ముందు టెలిగ్రాం వొచ్చినాది బాబూ," అన్నాడు. "ఎనకాల ఆడి ఉత్తరాలు వొచ్చినాయి, ఒకటి, రెండు, మూడు. ఆట అయిపోనాది, ఆడూ పోనాడు. అయినా రాసినాను. వానకి సెదిరితే మళ్లీ రాసినాను. నాలుగోది వొస్తాదని సూసినాను. మావోళ్లు ఈ బండికి మరమ్మతు సామాన్లు లేవని సెప్పి అయిదు నెల్లు ఆపినారు. ఇంక ఆగదు. ఇయాల ఎల్లిపోద్ది."

బండికి ఇంజను అప్పటికే తగిలించి ఉంది. యార్డులో బండ్లు కదిలించే షంటింగ్ మనిషి ఒక బెంగాలీ ముసలాయన, పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "తాడా నేయీ, దాదా," అన్నాడు. తొందర లేదట.

తండ్రి జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"నీకు సెప్పే ఉంటాడు. రాయి బాబూ."

"నాకూ సెప్పలేదు బాబాయ్. అందరికీ ఒక్కసారే సెప్తానన్నాడు."

తల ఊపాడు. ఖాళీ గడి వైపు చూస్తూ అడిగాడు. "ఆ తీగ మీద ఏటి కబురు ఎల్లాల బాబూ? అంత మంచులో పంపినారు కదా, పెద్ద కబురేనా?"

చెప్పడానికే వచ్చాను. మాట నాలుక మీద ఉంది. ఆయన కళ్లు చూశాను.

"పెద్ద కబురే బాబాయ్," అన్నాను. "శానా పెద్ద కబురు."

"అయితే ఫర్లేదు," అన్నాడాయన, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ఫర్లేదు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిరికివాణ్ని, ఇప్పటికి రాస్తున్నాను.

బెంగాలీ ఆయన జెండా విప్పాడు. బండి కదిలింది. తండ్రి పది అడుగులు దాని పక్కనే నడిచి ఆగిపోయాడు. నేను సుద్ద పట్టుకుని నిలబడ్డాను. మూడు గడులు నిండుగా, ఒకటి ఖాళీగా, ఎండలో తెల్లగా కనిపిస్తూ ఆ వ్యాగన్ యార్డు దాటి వెళ్లిపోయింది.