దారం సంగతి ఒక్కటే చెప్పలేదు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నేను ఒక మనిషి నవ్వు చెడగొట్టాను. పొరపాటున కాదు, తెలిసే.

నంద్యాలలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. పనిముట్లు అందిస్తాను, చికిత్స అయ్యాక జాగ్రత్తలు చెప్పి పంపుతాను. పని ఉన్నంతసేపూ మూతికి మాస్కు ఉంటుంది. ఆ మాస్కంటే నాకెంత ఇష్టమో! నా ముందుపళ్ళ నిండా గోధుమ రంగు చారలు. ఆళ్ళగడ్డ దగ్గర మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళతో పెరిగిన మా చిన్నమ్మ కూతురు కరుణకూ అవే చారలు. చిన్నప్పటినుంచీ ఇద్దరం చేయి అడ్డం పెట్టుకునే నవ్వేవాళ్ళం. తను కూడా నాలాగే ఉందన్నది నాకొక ధైర్యం. అది ధైర్యం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

కరుణ ఆళ్ళగడ్డలో జాకెట్లు కుడుతుంది. గొంతు బాగుంటుంది, కానీ చర్చిలో ఎప్పుడూ వెనక వరసలో తల వంచుకుని పాడేది. రెండేళ్ళు కుట్టి కూడబెట్టుకుని, పైపళ్ళు ఆరింటికి వెనీర్లు వేయించుకుంటానంది. ఉల్లిపొరంత పలుచని పింగాణీ రేకులు అవి. పంటిని పెద్దగా అరగదీయకుండానే పైన అతికిస్తారు. మా డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది నేనే.

నాకూ పనికొస్తాయేమోనని అడిగితే ఆయన ఇద్దరి నోళ్ళూ చూశారు. కరుణ చారలు లేతవి, ఆ పొర కింద దాగిపోతాయన్నారు. నావి ముదురువట. పైగా నా పైపళ్ళు, కిందిపళ్ళు అంచుకు అంచు తగులుతాయట. అంత పలుచనివి నాకు నిలవవట. ఆయన మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇద్దరం తాగింది ఒకే బోరు నీళ్ళు కదా? దాని నోరు తెల్లబడటానికి ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని నిలబడాల్సింది నేనా?

అతికించిన రోజు అద్దం పట్టుకున్నదీ నేనే. కరుణ చూసుకుంది. నవ్వింది. అలవాటు కొద్దీ చేయి మూతి దాకా లేచి, మధ్యలోనే ఆగి, కిందికి దిగిపోయింది. ఆ చేయి దిగడం నేను ఓర్వలేకపోయాను. అంతే. దానికి ఇంకో పేరు వెతకను.

డాక్టరు తన పనంతా ముగించి నన్ను పక్కకు పిలిచారు. కరుణ కిందిపంటి అంచున ఒక చిన్న గాడి ఉంది, దారం కొరికి కొరికి పడింది. "ఈ యమ్మ కుట్టుపని చేస్తాది. దారం పండ్లతో తెంపొద్దని గట్టిగా చెప్పు. జాగ్రత్తగా ఉంటే పది పదైదేండ్లు నిలబడతాయి" అన్నారు.

అన్నీ చెప్పాను. మెత్తటి బ్రష్షు వాడమన్నాను. పళ్ళపొడి వద్దన్నాను. ఎముకలు, ఐసుముక్కలు కొరకొద్దన్నాను. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాను. ఏ పేషెంటుకూ అంత వివరంగా చెప్పి ఉండను. కాగితం కూడా ఇచ్చాను. 'గట్టి వస్తువులు కొరకరాదు' అని ఉంది అందులో. కుట్టేవాళ్ళకు దారం గట్టి వస్తువా? రెండు చేతుల నిండా గుడ్డ ఉంటే కత్తెర కోసం ఎవరు వెతుకుతారు? నోరే కత్తెర. అది నాకు తెలుసు. మా చిన్నమ్మ కూడా అలాగే తెంపేది.

"ఇంకేమన్నా ఉండాదా అక్కా?" అనడిగింది.

"అంతే. బస్సు పోతాది, పో" అన్నాను.

ఆ తర్వాత కరుణ చర్చిలో ముందు వరసలోకి వచ్చింది. తలెత్తి పాడేది. ఆళ్ళగడ్డకు వెళ్ళినప్పుడల్లా నేను పాట వినలేదు, పళ్ళు చూశాను. విరగాలని ఎదురుచూశానా? చూశాను. చెప్పడానికి రెండేళ్ళ వ్యవధి దొరికింది కదా, ఫోనులో ఒక్క మాట, ఎందుకు చెప్పలేదు?

ఆ రెండేళ్ళూ గడిచాక ఒక రోజు కరుణ చేతిరుమాలులో గోరంత ముక్క చుట్టుకుని వచ్చింది. పెళ్ళి జాకెట్ల పనిలో ఉండి దారం కొరికిందట, నడిమి పంటిమీద పింగాణీ సగానికి లేచిపోయింది. డాక్టరు నా వైపు తిరిగారు.

"దారం సంగతి చెప్పినావామ్మా?"

"చెప్పినా సార్. ఇనుకోలేదు."

కరుణ నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఎంత గుండె నాది!

"చెప్పింటాది సార్" అంది మెల్లగా. "నాకే మతికి లేకపోయింది."

పన్ను విరగడం కంటే ఆ మాట పెద్దది. ఆ రోజునుంచి కరుణ తాను మతిమరుపు మనిషినని అనుకుంటుంది. కొలతలు రెండుసార్లు రాసుకుంటుంది. పొయ్యి ఆర్పానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. కొత్త వెనీరు వేయించుకోమని డాక్టరు అంటే, దాన్ని కాపాడుకునే తెలివి తనకు లేదంది. ఆ పంటికి మామూలు సిమెంటు పెట్టించుకుని సరిపెట్టుకుంది. అది టీకి పసుపెక్కింది. తక్కిన అయిదూ ఇప్పటికీ అతికించిన నాటిలా మెరుస్తున్నాయి. డాక్టరు చెప్పింది నిజమే, నిలబడతాయి.

కరుణ మళ్ళీ వెనక వరసలో పాడుతోంది. నవ్వితే చేయి మూతి దాకా వెళుతుంది, ఇప్పుడు మధ్యలో ఆగదు. నేను కోరుకున్నది అదే. దొరికింది కూడా. అయినా పక్కన కూర్చోలేకపోతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమిస్తే కరుణే క్షమించాలి, ఆమె ముందు నోరు విప్పే ధైర్యం నాకింకా రాలేదు. అప్పుడు చెప్పాల్సిన మాటను ఇవాళ వంటింట్లో తలుపేసుకుని పైకే అనుకున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి గొంతు కొంచెం తెరుచుకుంది. ఎంత చిన్న మాటో చూడండి.

కరుణా, దారం పండ్లతో కొరకొద్దు మే.