మా మేనత్త కలిపిన వరస

మా మేనత్త పోయింది. సికింద్రాబాదులో కార్ఖానా అనే పేట నుంచి ఆమె కోడలు పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా, అత్తమ్మ ఇక లేదు" అంది. టీ తాగి, కప్పు పక్కన పెట్టి, "జెర ఒరుగుతా" అని పడుకున్నదట. మళ్లీ లేవలేదు. తొంభై దాటిన మనిషి. రోగం లేదు, రొష్టు లేదు. విన్నవాళ్లందరూ "అదృష్టవంతురాలు" అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పోయినవాళ్ల అదృష్టం సరే, మిగిలినవాళ్ల గతేమిటి? సైనిక్‌పురి నుంచి ఆటోలో వెళ్తూ దారి పొడవునా ఏడ్చాను. ఆటో అతను అద్దంలో చూసి "ఏమైందమ్మా?" అని అడిగాడు. మా అత్త అయితే ఈపాటికి అతని ఊరు, అతని తల్లి పుట్టిన ఊరు అడిగి, ఏదో ఒక చుట్టరికం తేల్చి ఉండేది.

అదే ఆమె జబ్బు, వరసలు కలపడం. రైలెక్కి కాసేపు కాకముందే ఎదురు సీటాయన అన్నయ్య, వాళ్లావిడ వదిన, పై బెర్తు మీద పడుకున్న కుర్రాడు అల్లుడు అయిపోయేవారు. "టికెట్టు రైలెక్కనీకే. కూసోనీకే వరస గావాలె" అనేది. అన్నట్టే ఆమె ఏ రైల్లోనూ నిలబడి ప్రయాణం చేయలేదు. ఆమెతో వెళ్లిన మాకే నిలబడక తప్పేది కాదు, మా సీట్లు కూడా కొత్త చుట్టాలకు ఇచ్చేసేది కాబట్టి.

కాశీలో పడవవాణ్ణి అల్లుణ్ణి చేసింది. వాడు మన యాత్రికుల దగ్గర తెలుగు నేర్చిన ఘటికుడు. దిగేటప్పుడు చేతులు కట్టుకొని నిలబడి, "అత్తా, అల్లుడికి బట్టలు పెట్టవా?" అన్నాడు. మామయ్య సంచిలోంచి మడత విప్పని కండువా తీసి వాడి భుజాన కప్పక తప్పలేదు. మామయ్య కళ్లెర్రజేస్తే, "వరస కలిపినంక మర్యాద తప్పుతదా?" అని ఆయన మీదే లేచింది. ఇంకోసారి రామేశ్వరం వెళ్లి, అక్కడి నుంచి ఓడెక్కి సిలోన్ చూసి వచ్చారు. అదొక్కటే ఆమె విదేశీయానం. దిగగానే సామాను తనిఖీ చేసే అధికారి ఆవకాయ జాడీ మూత తీయించాడు. ఆయన భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆయనకు రాదు. "అన్నయ్యా, జెర రుచి సూడు" అని ఒక ముక్క ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన తిని, పక్కవాణ్ణి పిలిచాడు. పక్కవాడు మరొకణ్ణి పిలిచాడు. సగం జాడీ అక్కడే ఖాళీ. మామయ్య వారం రోజులు పచ్చడి లేని అన్నం తిన్నాడు.

ఈ కథలు ఆమె చెబుతుంటే నవ్వలేక చచ్చేవాళ్లం. ఒక్క ప్రయాణం సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు. ఎవరైనా కదిపితే "అది నవ్వే కత గాదు" అని లేచిపోయేది. ఆ రైల్లో ఆమె పక్కన కూర్చున్నది నేనే. అందుకని నేనే చెబుతాను.

రజాకార్ల గడబిడ ముదిరినప్పుడు మా నాన్న నన్నూ అత్తనూ బెజవాడ దగ్గర ఆమె అత్తవారి ఊరికి పంపించాడు. పోలీసు చర్య జరిగి, నిజాం సర్కారు లొంగిపోయిన కొన్ని వారాలకు మేమిద్దరం సికింద్రాబాదుకు తిరుగు ప్రయాణమయ్యాం. నాకప్పుడు పన్నెండేళ్లు. భయం తీరిపోయిందనుకున్నాం. తీరలేదు, మా ఇళ్లలోంచి పక్కవాళ్ల ఇళ్లలోకి మారిందంతే.

కాజీపేటలో బండి ఆగినప్పుడు అత్త కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది. రెజిమెంటల్ బజార్‌లో మా పక్కిల్లు గడియారాలు బాగుచేసే ముస్లిం కుటుంబానిది. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవారు. వాళ్లబ్బాయి ప్లాట్‌ఫారం మీద గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఇరవయ్యేళ్లు నిండి ఉండవు. కాళ్లకు చెప్పులు లేవు, చొక్కా భుజం దగ్గర చినిగింది. బండి వంక చూస్తున్నాడు గానీ ఎక్కడం లేదు.

"ఓ పిల్లగా! గీడ్నే ఉన్నం, రా!"

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వద్దమ్మా. మీకు తక్లీఫ్ అయితది. మావోళ్ల కోసం రైళ్లల్ల దేవులాడుతున్నరట."

"ముందుగాల ఎక్కు. మాట్లాడుడు తర్వాత."

లోపలికి లాగి, కిటికీ పక్కన పడుకోబెట్టి, మా దుప్పటి మెడ దాకా కప్పింది. ఎదురుగా పెద్ద తలపాగా చుట్టుకున్న ముసలాయన కూర్చున్నాడు. "ఎవలమ్మా?" అని అడిగాడు.

"మా మరిది. చలిజరం" అంది అత్త.

బండి కదిలింది. అత్త మళ్లీ నోరు విప్పలేదు. ముసలాయనది ఏ ఊరని అడగలేదు, పక్కన కూర్చున్న ఆవిణ్ణి వదినా అనలేదు. ఆమె అలా మౌనంగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు నిజంగా భయం పుట్టింది అప్పుడే.

ఒక చిన్న స్టేషన్‌లో బండి ఆగింది. ఎంతకీ కదల్లేదు. పక్క పెట్టెలోంచి ఎవరినో కిందికి ఈడ్చారు. ఆ మనిషి అరుపు మా పెట్టె దాకా వినిపించింది. తర్వాత కర్రలు పట్టుకొని నలుగురు మా పెట్టెలోకి వచ్చారు. ముందున్నవాడు తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"గీ పండుకున్నోడు ఎవడు?"

"మా తమ్ముడు" అంది అత్త.

వెంటనే ముసలాయన తలెత్తాడు. "తమ్ముడేందమ్మా? కాజీపేటల మరిది అంటివి గద!"

పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. చెవిన పడిన తప్పును దిద్దకుండా ఉండలేని మనిషి, అంతే. కానీ మన దగ్గర అంతకంటే పెద్ద తప్పు ఉంటుందా? తమ్ముడు పుట్టింటి రక్తం. మరిది మెట్టినింటి మనిషి. ఒకడే ఇద్దరూ కాలేడని పాలు తాగే పిల్లకైనా తెలుసు. తువ్వాలువాడి మొహం మారిపోయింది. కర్ర కొసను దుప్పటి అంచు కింద పెట్టాడు.

"దుప్పటి తియ్యి."

దుప్పటి కింద పైజామా ఉంది. అది కనబడితే ఆ పిల్లవాడు మిగలడు. అత్త లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టింది.

"తియ్యి, తీసి సూడు! జరమొచ్చినోణ్ణి చలిల వెట్టి సంపు! పుట్టుకతోని తమ్ముడు, దత్తతతోని మరిది. మా ఆయన చిన్నమ్మకు పిల్లల్లేకుంటె మా తమ్ముణ్ణి దత్తత ఇచ్చినం. ఇచ్చిన కాడికెల్లి మా ఇంట్ల గిదే పంచాది. తమ్ముడంటె అత్త లొల్లి, మరిది అంటె అమ్మ ఏడుపు. గిప్పుడు నువ్వొక్కనివి తక్కువైనవ్!"

వాడు తడబడ్డాడు. కానీ వదల్లేదు. నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు పిల్లా. గీయన్ని ఏమని పిలుస్తవ్?"

అత్త చెయ్యి నా వీపు మీద ఉంది. చెమటతో నా గౌను తడిసిపోతోంది. మాట ఎట్లా వచ్చిందో ఏమో, అత్త చేతి కింద పెరిగిన నాలుక కదా, కదిలింది.

"ముందుగాల చిన్నాయన అంటుంటి. దత్తత పోయినంక మామ అనుమంటున్నరు. నాకు నోరు తిరుగుతలేదు."

ముసలాయన తొడ చరిచాడు. "అదెట్ల? దత్తత పోతె రక్తం యాడికి పోతది? సచ్చేదాంక చిన్నాయననే!"

పక్కనున్న ఆవిడ ఊరుకుంటుందా? "ఏం మాటలయ్యా! గోత్రం మారినంక పాత వరస ఎట్ల చెల్లుతది? మామనే!"

ఇక చూడండి. పెట్టెలో సగం మంది చిన్నాయన అన్నారు, సగం మంది మామ అన్నారు. కర్రలు పట్టుకొచ్చిన నలుగురిలో ఒకడు కూడా "మా మేనబావ సుత గిట్లనే దత్తత పోయిండు" అని షురూ చేశాడు. ఇంజన్ కూత వేసింది. తువ్వాలువాడు దుప్పటి కింద నుంచి కర్ర లాగి, "నడువుండ్రి, వీళ్ల పంచాది తెగేటట్టు లేదు" అని విసుక్కుంటూ దిగిపోయాడు. బండి కదిలాక కూడా ఆ వాదన ఆగలేదు. ముసలాయన నిజంగానే వాదించాడో, తన తప్పు తెలుసుకొని కావాలనే అంత గొంతు చించుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన ఎవరో గానీ, ఆయన కడుపు చల్లగుండ.

సికింద్రాబాద్‌లో దిగాక అత్త ప్లాట్‌ఫారం మీదే కూలబడింది. అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, పల్లెలో ఉన్న తన అక్కను చూడటానికి పోయాడట. ఇల్లు కాలిపోయి ఉంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. "అక్క దొరకలే" అన్నాడు. ఆ రెండు మాటలే. అత్త అతని తల దగ్గరికి తీసుకొని, "నేనున్న బిడ్డా" అంది. ఇద్దరూ ఏడ్చారు. వాళ్లను చూసి నేనూ ఏడ్చాను.

ముందు మరిది అని, తర్వాత తమ్ముడని ఎందుకు అన్నావని ఒకసారి అడిగాను. "మరిది అని అనుకొనే చెప్పిన. భయమైతె నోటికి తమ్ముడే వచ్చె" అంది.

నేను కార్ఖానా చేరేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. స్నానం అయింది. పెద్దవాళ్లు "తల్లిగారింటి చీర ఏది?" అని అడుగుతున్నారు. ఆడమనిషి పోతే చివరగా పుట్టింటి బట్ట కప్పాలి, అన్నదమ్ములే తేవాలి. ఆమెకున్న ఒక్కగానొక్క అన్న, మా నాన్న, పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ ఇంటిదాన్ని నేనే కదా అని, ఎవరినైనా బజారుకు పంపుదామని లేచాను.

గేటు ముందు ఆటో ఆగింది. ఎనభైకి దగ్గరైన ఆ పిల్లగాడు కర్ర ఊతంతో దిగాడు. చంకలో కాగితం పొట్లం. అత్తవారి వైపు పెద్దాయన ఎదురు వెళ్లి, మర్యాదగానే అడిగాడు.

"మీరు ఆమెకు ఏమైతరండీ?"

"తమ్ముణ్ణి."

ఎవరో "కాని..." అని నసిగారు. "ఏం కాని? మా నాన్న తర్వాత ఆయనే" అని అరిచాను. చావింట్లో అలా అరవకూడదని తెలుసు. అరిచాను. పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

అతను పొట్లం విప్పాడు. లేత నీలం నూలు చీర. ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకొని ఆమె మీద పరిచాడు. తర్వాత నేల మీద కూర్చొని ముడతలు సర్దడం మొదలుపెట్టాడు. పాడె కట్టేవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ముడతలన్నీ పోయాయి. అతని అరచెయ్యి మాత్రం ఆ చీర మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.