ఇరవై రెండు రూల్సూ, ఒక్క సంతకమూ

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఉన్న ప్రేమ కంటే, ఇంగ్లీషు టీచరంటే జనం కాస్త జడుసుకోవాలన్న కోరికే ఎక్కువగా ఉండేది. ఆ రోజులంటే తాతల కాలం కాదు, ఏడేళ్ళ కిందటి మాటే. ఇప్పుడు కుప్పంలో, ఇంట్లో తమిళమూ బడిలో తెలుగూ మాట్లాడే పిల్లల మధ్య చాక్‌పీసు పట్టుకుని, ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే తంటాలు పడి జవాబు చెబుతున్న నన్ను చూస్తే, అప్పటి నేను ముక్కు మీద వేలేసుకుని, ‘ఛీ, డిసిప్లిన్ లేని మనిషి’ అనేసి ఉండేదాన్ని.

మదనపల్లెలో బీఎడ్ ముగించిన మూడో నెలలో పుంగనూరులోని ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు టీచరుగా చేరాను. వయసు ఇరవై రెండు. గంజి పెట్టిన కాటన్ చీర, భుజాన తోలు బ్యాగు (అందులో టిఫిన్ డబ్బా తప్ప చదువుకు సంబంధించిన వస్తువేదీ ఉండేది కాదు), బస్సు దిగగానే ముఖానికి తగిలించుకునే ఒక సీరియస్‌నెస్. బడికి యజమాని కరస్పాండెంటు గారు. అంతకు ముందు సిమెంటు ఏజెన్సీ నడిపినవారు కాబట్టి, పిల్లలు వరసగా, కదలకుండా, చప్పుడు లేకుండా పేర్చినట్టుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. ఆయనకు ఇష్టమైన మాట ‘ఇంటర్నేషనల్’. మొదటి వారం స్టాఫ్ మీటింగులో, “మేడం, మీ సబ్జెక్టులో ఏదన్నా ఇంటర్నేషనల్‌గా చేయండి. పేరెంట్సు చూస్తే అదిరిపోవాల” అన్నారు. అదరగొట్టడానికే పుట్టినట్టు నేను ఆ సాయంత్రమే సెల్‌ఫోనులో వెతకడం మొదలుపెట్టాను.

ఏ దేశమో, ఏ ఊరో, అక్కడెవరో మహాతల్లి తన హైస్కూలు ఇంగ్లీషు క్లాసు కోసం రాసుకున్న రూల్స్ దొరికాయి. రెండు పేజీలు, ఇరవై రూల్స్. అక్షరం మార్చకుండా ప్రింటు తీయించాను. నాలుగో రూలు ప్రకారం విద్యార్థులు తమ లాకరు తాళాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. మా బడిలో తాళం ఉన్నవి రెండే: కరస్పాండెంటు గారి గదీ, నీళ్ళ ట్యాంకూ. ఏడో రూలు ప్రకారం కాఫీ కప్పుతో తరగతిలోకి రాకూడదు. మా పిల్లల్లో సగం మంది పొద్దున్నే రాగిసంకటి తిని బస్సెక్కేవాళ్ళు. పన్నెండో రూలు ప్రకారం మూడు టార్డీలకు ఒక డిటెన్షన్, అంటే బడి వదిలాక కూడా కూర్చోబెట్టడం. (టార్డీ అంటే ఏమిటో నాకూ తెలియదు. వినడానికి గంభీరంగా ఉందని ఉంచేశాను.) ఈ ఇరవైకి నా సొంత తెలివితో రెండు కలిపాను. ఇరవై ఒకటి, క్లాసులో ఇంగ్లీషు తప్ప వేరే మాట వినబడకూడదు. ఇరవై రెండు, ఈ కాగితం మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి శుక్రవారంలోగా పంపాలి, లేకుంటే సోమవారం నుంచి క్లాసులోకి ప్రవేశం లేదు.

ఫలితం వెంటనే కనిపించింది. రెస్ట్‌రూముకు పోవాలంటే పాస్ ఉండాలన్న రూలు కోసం ఒక విరిగిన స్కేలు మీద ‘పాస్’ అని రాసి మేకుకు తగిలించాను. అంతకు ముందు పూటంతా కూర్చోగలిగిన పిల్లలు, ఆ స్కేలు పట్టుకుని వరండాలో నడవడం ఒక హోదా అని కనిపెట్టి, పీరియడుకు పది మంది చొప్పున బయల్దేరారు. ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదన్నాను కదా, అసలు మాట్లాడడమే మానేశారు. నేను అడిగితే తల ఊపుతారు, అడగకపోతే అదీ లేదు. కిటికీలోంచి తొంగిచూసిన కరస్పాండెంటు గారు మురిసిపోయి, “పిన్‌డ్రాప్ సైలెన్స్! ఇదీ ఇంగ్లీషు క్లాసంటే!” అన్నారు. భాష నేర్పే క్లాసులో నోళ్ళన్నీ మూతబడినందుకు నేనూ ఆయనా కలిసి గర్వపడ్డాం.

సంతకాలు కూడా వచ్చి పడ్డాయి. ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే చూడకుండా పెట్టేసినవాళ్ళు కొందరు. ఒక టైలరు గారు సంతకంతో తృప్తి పడక షాపు రబ్బరు స్టాంపు కూడా కొట్టి పంపాడు. ఒకమ్మాయి వాళ్ళ అవ్వ, ఎక్కడ వెయ్యాలో తెలియక నాలుగు మూలలా నాలుగు వేలిముద్రలు వేసింది. ఇద్దరు పిల్లల తండ్రుల సంతకాలు ఒకే చేతి రాతలో ఉన్నాయి (ఆ చెయ్యి మూడో బెంచీలో ఉండేది). అన్నీ తీసుకుని ఫైలులో పెట్టాను. రానిది ఒక్కటే, యాలమ్మది.

యాలమ్మ ఆ పిల్ల అసలు పేరు కాదు. ఏది చెప్పినా ‘యాల మిస్?’, ఎందుకు మిస్, అని అడుగుతుందని క్లాసు పిల్లలు పెట్టిన పేరు. పుంగనూరు అవతల మెట్ట పల్లెలో టమోటా రైతు కూతురు. నేను రూల్స్ చదివిన రోజున చెయ్యెత్తి, “మిస్, ఆ లాకర్లు యాడ పెట్టినారు?” అని అడిగింది ఆ పిల్లే. ఇరవై ఒకటో రూలు తప్పినందుకు నిలబెట్టాను. (లాకర్లు ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు.)

“సంతకం ఏది?” అన్నాను సోమవారం.

“మా నాయన చదవకుండా ఏ కాయితం మీదా సంతకం పెట్టడు మిస్. మా తాత ఒగసారి ఎవురో చెప్పినారని వేలిముద్ర ఏసి, బాయి పోగొట్టుకున్నాడంట. నాయనకు ఇంగ్లీషు రాదు. తెలిసినోళ్ళతో చదివించుకుంటా అన్నాడు. ఇప్పుడు కోతలు జరగతాండాయి, బేస్తవారం వస్తా అన్నాడు.”

“రూల్ ఈజ్ రూల్. అవుట్‌సైడ్!” అన్నాను.

బయట నిలబడింది. మంగళవారం కూడా నిలబడింది. కిటికీ పక్కనే నిలబడి, పిట్టగోడ మీద నోట్సు పెట్టుకుని రాసుకునేది. ఖర్మ ఏమిటంటే, లోపలున్న నలభై మందిని అడిగిన ప్రశ్నకు జవాబు బయట నుంచి వచ్చేది. నేను విననట్టు నటించి ఇంకొకరిని అడిగితే వాళ్ళు కిటికీ వంక చూసేవాళ్ళు. లెక్కల మాస్టారు స్టాఫ్‌రూములో నెమ్మదిగా, “ఆ పాపను లోపలికి రానీమ్మా” అన్నారు. నాకు కూడా రానివ్వాలనే ఉంది. కానీ ఒకసారి వెనక్కి తగ్గితే ఇక నన్నెవరూ లెక్క చేయరనిపించింది. “రూల్స్ మనమే బ్రేక్ చేస్తే ఎలా సార్?” అన్నాను పెద్ద మనిషిలాగా. ఆయన పొడి దగ్గు దగ్గి పేపరు చదువుకున్నారు.

బుధవారం సాయంత్రం బస్సు కోసం పోతుంటే యాలమ్మ ఎదురొచ్చి, ఏడవకుండానే చెప్పింది. “మిస్, మా అవ్వ ఇంక బడి సాలు అంటాండాది. ఊరికే నిలబడేదానికి అంత దూరం బస్సుకు పోయేదెందుకు, తోటలో టమేటాలు కోస్తా నిలబడు, పనన్నా జరుగుతాది అనె. నాయన ఇంగా ఏమీ అనలేదు.” అవ్వ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ రాత్రి మదనపల్లెలో మా అమ్మ వడ్డించిన అన్నం సగం వదిలేశాను. పొద్దున్నే పిలిచి లోపల కూర్చోబెడదామని నిర్ణయించుకున్నాను. పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టేసరికి ఆ నిర్ణయం మెత్తబడింది.

చెప్పిన బేస్తవారమే, గురువారం రెండో పీరియడులో, కరస్పాండెంటు గారి నుంచి పిలుపొచ్చింది. పోయి చూస్తే యాలమ్మ నాయన నిలబడి ఉన్నాడు, కాళ్ళకు ఇంకా తోట మట్టి ఉంది. కుర్చీలో మాత్రం తెల్లగడ్డం, కళ్ళజోడు, చంకలో ఫైలుతో ఒక పెద్ద సాయిబు గారు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసే రైటరు ఆయన. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ భూమి చేయి మారినా ఆయన రాతతోనే మారుతుందట. నా రెండు పేజీలు ఆయన ముందు పరిచి ఉన్నాయి. ఎర్ర పెన్సిల్‌తో గీతలు కూడా ఉన్నాయి.

“కూర్చోమ్మా. కాయితం పూరా సదివినా,” అన్నాడు రైటరు గారు. “బాగుండాది. కానీ ఇది ఒగ పక్కది. షరతులు ఇరవై రెండు, అన్నీ పిల్లోల్లకే. నీకు ఒగటీ లేదే? రెండు పార్టీలుంటే రెండు పక్కలా ఉండాల కదా అగ్రిమెంటు?”

“ఇది అగ్రిమెంటు కాదండీ, క్లాసు రూల్స్,” అన్నాను.

“మరి సంతకం యాల? సంతకం అడిగినావంటే అగ్రిమెంటే,” అన్నాడు. పెన్సిల్ నాలుగో రూలు మీద ఆగింది. “ఈడ లాకరు అని రాసినావు. కాయితంలో రాసిన ఆస్తి కండ్ల జూడకుండా నేను ఎవురి చేతా సంతకం పెట్టించనమ్మా. నా అలవాటు అది. సూపించు, నాలుగు హద్దులూ చూసి పోతా.”

కరస్పాండెంటు గారు నా వైపు తిరిగి, “లాకర్లు యాడుండాయి మేడం?” అన్నారు, నేనేదో ఆయనకు తెలియకుండా కట్టించినట్టు.

“సరే, అది వదిలేద్దాం. ఈ పన్నెండోది, టార్డీ అంటే ఏందమ్మా?”

“అది... ఒక రకమైన... పరీక్ష,” అన్నాను.

“కాదులేమ్మా. డిక్షనరీ తీసి చూసినా. ఆలస్యంగా వచ్చేది,” అన్నాడు ఆయన మెత్తగా. వెటకారం లేదు, అదే నన్ను చంపింది. “వీళ్ళ ఊరి బస్సు దినామూ ఆలస్యమే. ఈ లెక్కన పిల్ల బడికొచ్చేదానికి ముందే డిటెన్షన్ అయిపాయ.”

అప్పటిదాకా మాట్లాడని యాలమ్మ నాయన గొంతు సవరించుకున్నాడు. “టీచరమ్మా, నేను సంతకం పెడతా. నువ్వు చెప్పినవన్నీ పాప చేస్తాది, కాఫీ గూడా తేదు. నాదీ ఒగ మాట రాసియ్యి. పాపను బయట నిలబెట్టొద్దు. తప్పు చేస్తే కొట్టు, తిట్టు, లోపలే పెట్టి. బయట నిలబెడితే ఇంట్లో మా యమ్మకు నేను ఏమి జెప్పాల? పాపను బడి మాన్పించేదానికి ఆమెకు అదే సాకు అయితాది.”

రైటరు గారు తెల్లకాగితం తీసి, ‘ఒకటవ పార్టీ అయిన ఇంగ్లీషు టీచరు గారు రెండవ పార్టీ కుమార్తెను ఏ కారణము చేతనైనను తరగతి బయట నిలుపరాదు’ అని ఒక్క గుక్కలో రాసేశాడు. సాక్షులుగా కరస్పాండెంటు గారూ, గంట కొట్టే ఆయమ్మా. (కరస్పాండెంటు గారు పెద్ద సంతకం పెట్టి, అలవాటుగా కింద తేదీ బదులు ‘స్టాకు సరిచూడబడినది’ అని రాయబోయి ఆగారు.) నాకు ఎంత తొందరగా అక్కడి నుంచి పారిపోదామా అని ఉంది. పెన్ను లాక్కుని సంతకం పెట్టబోతే యాలమ్మ నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“సదివి పెట్టమ్మా. సదవకుండా పెట్టాకు. నువ్వు గూడా అట్లే చేస్తే ఇంక మా పిల్లోల్లకు ఏమి నేర్పిస్తావు?”

చదివాను. ఒక్క వాక్యమే, రెండుసార్లు చదివాను. నా జీవితంలో చదివి సంతకం పెట్టిన మొదటి కాగితం అది. నేను బడిలో చేరేటప్పుడు కరస్పాండెంటు గారికి రాసిచ్చిన కాగితంలో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు.

శుక్రవారం యాలమ్మ తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. మూడు రోజుల అలవాటు, కాలు లోపలికి పడలేదు. నన్ను చూస్తూ అట్లే నిలబడింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. “రామ్మా,” అన్నాను తెలుగులోనే. ఆ ఒక్క మాటతో ఇరవై ఒకటో రూలు పోయింది. మిగిలినవి వారం తిరక్కుండానే దానికి తోడు పోయాయి. క్లాసులో గోల మొదలైంది. ఆ గోలలో అక్కడక్కడా ఇంగ్లీషు కూడా వినబడేది. కరస్పాండెంటు గారు కిటికీ దగ్గరికి రావడం మానేశారు.

కిందటి నెల కుప్పం నుంచి మదనపల్లెకు వస్తుంటే పుంగనూరులో ఒకమ్మాయి బస్సెక్కి నా పక్కన కూర్చుని, “మిస్!” అంది. అదే పిల్ల. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్ళో ఇంజనీరింగ్ చదువుతోంది. అవ్వ బాగుందట, నాయన ఈసారి టమోటా మాని వేరుశెనగ వేశాడట. ఊళ్ళు గడిచాయి, కబుర్లు అయిపోయాయి. ఏడేళ్ళుగా అడగాలనుకున్నది మాత్రం మిగిలే ఉంది.

“ఆ పొద్దు నిన్ను బయట నిలబెట్టినందుకు నామీద కోపం లేదామ్మా?” అన్నాను.

“లేదు మిస్. మీకే ఏందో కష్టం ఉండాదనుకున్నా.”

“కష్టం కాదమ్మా, భయం. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చని మీకు తెలిసిపోతుందేమోనని. అందుకే ఆ రూల్స్, ఆ కేకలు, అన్నీ.” ఈ మాట మా అమ్మతో కూడా ఎన్నడూ అనలేదు. అనేశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, ఓదార్పుగానే అంది: “అయ్యో, అది మాకు మొదటి రోజే తెలిసిపాయ మిస్. పాపం కొత్తగా వచ్చినారు, ఎవురూ ఏమీ అనొద్దండి అని క్లాసంతా అనుకున్నాం.”

కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను. నలభై మంది పిల్లలు ఏడాది పొడుగునా తు.చ. తప్పకుండా పాటించిన రూలు అదొక్కటే. అది నా కాగితంలో లేదు.