చిన్న విమానమా, పెద్ద విమానమా: ధర్మవరం పోయి తేల్చుకున్న సంగతి

శనివారం ఉదయం ఆరున్నరకు యలహంకలో రైలెక్కాం. నేను, మా ఆయన నాగరాజు, ఐదేళ్ళ మా పాప హరిణి. ధర్మవరంలో పెళ్ళో పేరంటమో ఉందనుకునేరు, అదేమీ లేదు. సోమవారం పొద్దున ఆఫీసులో నేనొక మాట చెప్పాలి. మా అత్తను అడగకుండా ఆ మాట చెప్పడానికి వీల్లేదు. అందుకే ఈ ప్రయాణం.

నేను పైలట్‌ని. లైసెన్సు చేతికొచ్చి మూడేళ్ళయినా నడపడానికి విమానం దొరక్క, బెంగళూరు విమానాశ్రయంలో సరుకుల షెడ్డులో రాత్రి డ్యూటీ చేస్తూ వచ్చాను. పోయిన వారం సరుకు విమానాల కంపెనీ ఒకటి నన్ను తీసుకుంది. తీసుకుని, వాళ్ళ దగ్గరున్న రెండు రకాల్లో ఏది నడుపుతావో చెప్పమంది. ఒకటి పంకాలతో ఎగిరే చిన్న విమానం. రాత్రి బెంగళూరులో లేచి, మన దేశంలోనే ఏదో ఊళ్ళో సరుకు దించి, తెల్లారేసరికి తిరిగొస్తుంది. రెండోది పెద్ద జెట్. రెండు వారాలు దేశాలు పట్టుకుని తిరగాలి, ఆ తర్వాత రెండు వారాలు పూర్తిగా సెలవు. ఒకసారి చెప్పాక ఐదేళ్ళ దాకా మార్చరు.

నాకు పెద్దదే కావాలి. ఇందులో దాచేదేముంది? మూడేళ్ళు రాత్రిళ్ళు దాని కడుపు కింద నిలబడి, ఎప్పుడెక్కుతానా అని చూసినదాన్ని. కానీ నేను లేని రెండు వారాలు పాపను ఎవరు చూడాలి? నాగరాజు చిక్కపేటలో చీరల అంగట్లో పనిచేస్తాడు, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. ధర్మవరంలో అత్త తన మగ్గం వదిలి బెంగళూరు రావాలి. ఆమె రానంటే పెద్దది లేదు. బిడ్డ తల్లివి, రోజూ ఇంటికొచ్చేదే పట్టు అని చెప్పనివాళ్ళు లేరు. తోటివాళ్ళు, ఇంటి ఓనరమ్మ, చివరికి పాలుపోసే ఆయన కూడా. పాలు పోసి పోవయ్యా అన్నాను ఆయన్ని.

ఈ దారిన పోదలచుకున్నవాళ్ళు ఉదయం రైలే ఎక్కండి. టికెట్టు బస్సులో సగం కూడా కాదు, మామూలు పెట్టెలో కూడా చోటు దొరుకుతుంది. ఎనిమిది దాటాక హిందూపురంలో ఉడకేసిన బుడ్డలు, అదే వేరుశెనక్కాయలు, కొన్నాం. అక్కణ్ణుంచి నేలంతా ఎరుపు, గుండ్లు తేలిన కొండలు, విత్తనం పడక ఊరికే పడున్న చేలు. ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. నీళ్ళు లేని చెరువు నడిమధ్యలో గొర్రెల మంద మేస్తోంది.

హిందూపురంలోనే ఎక్కిన పెద్దాయన ఒకరు మా ఎదుట కూర్చున్నారు, పెనుకొండలో దిగుతారట. హరిణి వాళ్ళ నాన్న చెవిలో ఏదో అడుగుతోంది. బుడ్డలు కావాలన్నా గుసగుసే, కొండ చూపించాలన్నా గుసగుసే. ఆయన కాసేపు చూసి, "ఏమప్పా, పాపకు గొంతు నొప్పా?" అని అడిగారు.

"లేదు తాతా. అమ్మ పక్కనుంటే గట్టిగా మాట్లాడకూడదు" అంది హరిణి, అది కూడా గుసగుసగానే.

"మీ అమ్మ మేలుకోనే ఉండాది కదమ్మా" అని ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మూడేళ్ళు నేను పగలంతా పడుకున్నాను. బిడ్డ గిన్నె పడేసినా ఉష్, నవ్వినా ఉష్. చిన్న విమానమంటే ఇంకో ఐదేళ్ళు ఇదే కదా. రోజూ ఇంటికొస్తావు అని ఊరంతా చెప్పింది, నేనూ నమ్మాను. ఇంటికొచ్చేది దుప్పటి కప్పుకున్న మూట అని ఒక్కరికీ తోచలేదు. పెనుకొండ కోట కొండ వచ్చి పోయింది, పెద్దాయన దిగిపోయారు, నేను సరిగా చూడనే లేదు.

పది దాటాక ధర్మవరంలో దిగాం. స్టేషను బయట బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఆకలి లేకపోయినా తినండి, ఆ రుచి బెంగళూరులో రాదు. తర్వాత షేరాటో. మా వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, దారి అడగాల్సిన పని లేదు.

అత్త మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. తల ఎత్తకుండానే, "కాళ్ళు కడుక్కోండి. ఈ పువ్వు అయినంక లేస్తా" అంది. హరిణి పరుగెత్తుకుంటూ పోయి ఆమె పక్కన కూలబడింది. ఆ టకటకల్లో వినబడాలంటే అరవాల్సిందే. "అవ్వా, ఈ నెమలి నాకూ" అని నా బిడ్డ గొంతు చించుకుని అరుస్తుంటే, వాకిట్లో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాని గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు.

మధ్యాహ్నం సంగటి, పప్పు, బుడ్డలు నూరిన ఊరిబిండి పచ్చడి. తింటూనే పంచాయితీ మొదలైంది.

"పెద్దదానికి పోతే ఎన్ని దినాలు రావు?" అంది అత్త.

"రెండు వారాలు."

"చిన్నదయితే?"

"దినామూ వస్తా."

"మరి చిన్నదే పట్టు. దీనికి రైలెక్కి వచ్చి అడగల్లనా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దినామూ వచ్చి ఏం చేస్తా అత్తా, పండుకుంటా" అని రైల్లో జరిగింది చెప్పాను. అత్త సంగటి ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నది.

"బిడ్డ సంగతి నిజమే" అంది చివరికి. "కానీ నేను మగ్గం వదిలి ఆడికొచ్చి నాలుగు గోడల మధ్య కూచోలేను. నావల్ల కాదు. ముందే చెప్తాండా."

అంతే, దారి మూసుకుపోయింది. ఆమెను ఏమనగలను? నేను విమానం ఎక్కడం కోసం ఆమెను మగ్గం దిగమనడానికి నాకు నోరు రాలేదు.

నాగరాజు లేచి చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు. "పెద్దదానికి పోయేటోళ్ళు బెంగళూర్లోనే కాపురం ఉండల్లని రూలు ఏమన్నా ఉండాదా?"

అలాంటి రూలేదీ లేదు. చిన్నదానికైతే ప్రతి రాత్రీ బెంగళూరులో ఉండాలి. పెద్దదానికి డ్యూటీకి ముందురోజు చేరుకుంటే చాలు, నెలకొక్కసారి. ధర్మవరం నుంచి పూట ప్రయాణం. మేమే ఇక్కడికి వచ్చేస్తే అత్త మగ్గం దిగక్కర్లేదు, పాపకు అవ్వ పక్కనే ఉంటుంది. దేశాలకు దారి గీసే చదువు చదివి, మా ఇంటి దారి నాకు తట్టలేదు చూడండి.

"మరి నీ అంగడి?" అన్నాను.

"ఈడి చీరలు నేనే ఆడ అంగళ్ళకు వేసుకుంటా. ఎన్నాళ్ళుగానో అనుకుంటాండా."

"అనుకుంటా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుంటివా?" అని అత్త కొడుకుని కసిరి, నా వైపు తిరిగింది. "పడుగు మగ్గం మీదుండే దినాలు నేనుగూడా ఇంట్లో లేనట్టే. చీర దిగినంక, చిన్నప్పుడు వీడు నా కొంగు వదిలేటోడే కాదు. నువ్వూ అట్లే పోయి రా. కానీ వచ్చినంక ఫోను పట్టుకోని కూచుంటే మాత్రం ఊరుకోను."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ సాయంత్రం నాగరాజు వీధి చివర ఖాళీ ఇల్లు చూసొచ్చాడు. అత్త మాత్రం ఏమీ జరగనట్టు మళ్ళీ మగ్గం ఎక్కింది.

ఆదివారం ఒంటిగంట బస్సుకు నేనొక్కదాన్నే బయలుదేరాను. నాగరాజూ పాపా అక్కడే ఉండిపోయారు. సోమందేపల్లెలో టీకి ఆపారు. టీ చల్లారేలోగా ఆఫీసుకు ఒక్క ముక్క రాసి పంపాను, పెద్ద జెట్ అని. పంపి, హైవే పక్కన గ్లాసు పట్టుకుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. చూసేవాళ్ళు చూడనీ. మూడేళ్ళ తర్వాత నాకు విమానం దొరికింది, దాంతోపాటే ఇల్లూ దొరికింది.

బస్సు కదిలే ముందు ఒకావిడ నా పక్కన కూర్చుంది. మడకశిర పక్క పల్లె, కూతురి దగ్గరికి పోతోందట. బిడ్డలెందరు, ఏం పని అని వరసగా అడిగింది. సరుకు విమానం నడుపుతానంటే నన్ను ఎగాదిగా చూసి, "మా ఊరి మీద పోయేటప్పుడు పైపైన పో తల్లీ. గొర్లు బెదురుతాయి" అంది. అట్లే పోతాలేమ్మా అన్నాను.

ఈ ఎర్రనేల మీద వాన లేకపోవచ్చు. కానీ ఒక పూట పోయి అడిగితే మొహమాటం లేకుండా జవాబు చెప్పే మనుషులున్నారు. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

చెక్‌పోస్టు దాటాక ఆవిడ మళ్ళీ అడిగింది. "ఇంతకూ ఇల్లు బెంగళూర్లో యాడ?"

"బెంగళూరు కాదమ్మా" అన్నాను. "మాది ధర్మవరం. ఆడికి పనికి పోతాండా."