అరిషాత్ శవపేటిక మీద శాపాలు

సీదోను రేవు వెనక, వలలు ఆరేసే సందు చివర, గెర్సకోను రాళ్ళ మీద అక్షరాలు చెక్కుతాడు. తండ్రి నేర్పిన పని. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ పేరు అతని చేతిమీదుగానే మట్టిలోకి దిగింది. దగ్గితే రాతిపొడి, నవ్వితే రాతిపొడి. ఇంట్లో రొట్టె కూడా పంటికింద కరకరమంటుందని పెళ్ళాం సణుగుతుంది. చచ్చినవాళ్ళతో అతనికి ఏనాడూ పేచీ రాలేదు. ఈ ఏడు బతికున్న మనిషి తగులుకుంది.

అరిషాత్‌కి డెబ్బై దాటాయి. ఓడల యజమాని పెళ్ళాం. ఆయనా, ఇద్దరు కొడుకులూ ఒకే తుఫానులో పోయారు. ముగ్గురిలో ఒక్కరికీ పిడికెడు మట్టి దక్కలేదు. కడలి వాళ్ళని ఇప్పటికీ ఎటో దొర్లిస్తూనే ఉందని ఆవిడ బాధ. తనని మాత్రం పడుకున్న చోటునుంచి ఎవరూ కదపకూడదు. అందుకే ఐగుప్తు ఓడలో వచ్చిన నల్లరాతి శవపేటిక కొని గెర్సకోను కొట్టు ముందు దింపించింది. మూత మీద కళ్ళు తెరిచి కలగంటున్న ముఖం. నడుము నుంచి పాదాల దాకా వరసలుగా పక్షులు, పాములు. రొమ్ము మీద మాత్రం జానెడు నున్నటి చోటు.

ఆ జానెడులో ఆవిడ పేరు, ఒక్క శాపం. ఒప్పందం అంతే. ఒప్పందమై పదకొండు రోజులైనా పని తెమల్లేదు.

"రాశావా నాయనా? మూత తీసినవాడి వలలో బురద తప్ప చేప పడకూడదని?"

"నిన్ననే రాశాను పెద్దమ్మా."

"వాడు జాలరి కాకపోతే?"

"కాకపోతే ఏంటి?"

"వడ్రంగి అయితే వాడికేం తగుల్తుంది? వాడి ఉలి వాడి బొటనవేల్లోనే దిగాలని కూడా రాయి."

గెర్సకోను కట్టుకట్టిన తన వేలు చూసుకున్నాడు. "అది నాకు ముందే తగిలింది."

మర్నాడు, దొంగ ఆడదైతే ఆమె పొయ్యి మీద పప్పు రోజూ మాడాలంది. ఆ మర్నాడు, ముసలాడైతే కీళ్ళు పట్టెయ్యాలంది. అక్షరాలు చీమలంతయ్యాయి, చివరి వరస పక్షుల తలల్ని తాకింది.

"చోటేదీ? నా నుదుటి మీద చెక్కుకోనా?"

"నీ నుదురు మరీ చిన్నది నాయనా. ఆ పక్షుల్ని చెరిపేసి రాయి."

అతను సుత్తి నేలకేసి కొట్టాడు. "అవి పక్షులు కావు, ఐగుప్తు వాళ్ళ అక్షరాలు! నిన్న లోపల తుడుస్తుంటే శవానికి చుట్టిన నారబట్ట గోరంత దొరికింది. నీకంటే ముందు ఇందులో ఒకరు పడుకున్నారు. తననీ కదపొద్దనే రాయించుకునుంటాడు!"

ఆరేసిన వలల్లోంచి గాలి దూరి వెళ్ళింది. అరిషాత్ ఆ రాతిముఖం వైపు తిరిగింది.

"మరి ఆయనేడి?"

"ఏ ఇసకలోనో పారబోసుంటారు."

"ఆయన శాపం పనిచెయ్యలేదా?"

"చేసుంటే నీకీ పెట్టె దొరికేదా?"

ఆవిడ వంగి పక్షి రెక్కని గోటితో తడిమింది. "చెయ్యదు మరి. చెక్కినవాడు పైపైన గీకి వదిలేశాడు. నువ్వు లోతుగా చెక్కు. అన్నీ. మొదటినుంచి."

గెర్సకోను నోరు తెరిచాడు. ఇన్ని రోజులుగా మింగిన తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. కానీ ఆవిడ చెయ్యి రాతి మీంచి రావడం లేదు. ఆ గొంతులో ఉన్నది మొండితనం కాదు, భయం.

అతను గోడ దగ్గరికి వెళ్ళి పెద్ద ఉలి తెచ్చుకున్నాడు. మొదటి అక్షరం మీద దాన్ని నిలబెట్టాడు.

"కాస్త అవతలికి జరుగు పెద్దమ్మా. కళ్ళల్లో పొడి పడుతుంది. ఒక్క మాట, ఇంకో శాపం చెప్పకుండా నోరు మూసుకుని కూర్చుంటేనే చెక్కుతా."