మిగిలిన సైకిలు మీది

మా నాన్న తన సైకిలును తోడబుట్టిన తమ్ముడికి కూడా ఇచ్చేవారు కాదు. అలాంటి మనిషి, నా పెళ్ళైన నాలుగో నెలలో, కార్తీక పౌర్ణమికి రేపల్లె నుంచి వచ్చిన అల్లుడికి దాన్ని స్వయంగా తుడిచి ఇచ్చారు. ఇద్దరం సూర్యలంక వెళ్ళి సముద్రస్నానం చేసి రమ్మన్నారు. దాని దీపం పాడైంది కాబట్టి చీకటి పడకముందే ఇంట్లో ఉండాలన్నది ఒక్కటే షరతు.

నన్నింకా కాపురానికి పంపలేదు. మంచి రోజు చూడాలని నాయనమ్మ పంచాంగం తిప్పుతూనే ఉంది. ఆయన ఎప్పుడు బాపట్ల వచ్చినా వసారాలో నాన్న, వంటింట్లో అమ్మ, నట్టింట్లో నాయనమ్మ. ఇక మేం మాట్లాడుకునేదెక్కడ? మర్నాడు పొద్దుటి బండికి ఆయన వెళ్ళిపోతారు. ఆ ఒక్క పూటా ఆయనతో తీరిగ్గా మాట్లాడకపోతే మళ్ళీ ఎన్నాళ్ళకో అని నాకు దిగులుగా ఉంది.

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో సైకిలు స్టాండు పెట్టారు. నాలుగు గుంజలు పాతి చుట్టూ తాడు కట్టారు, అంతే. స్టాండు పెద్దాయన సైకిలు సీటు మీద సుద్దముక్కతో నంబరు వేసి, అదే నంబరున్న చీటీ చింపి మన చేతిలో పెడతాడు. మధ్యాహ్నం పన్నెండింటికి చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొడతాడు. అప్పటికీ తీసుకెళ్ళని సైకిళ్ళ సీట్ల మీద అడ్డగీత పడుతుంది. గీత పడిందంటే రెండో పూట డబ్బు కూడా కట్టాల్సిందే. ఆ గంట మోగబోతుంటే తడిబట్టలతో పరుగెత్తుకొచ్చే జనాన్ని చూడాలి, పుణ్యమంతా ఆ పరుగులోనే కారిపోయేది.

మా వైపు మగవాళ్ళకి పంచె రొంటే ఇనప్పెట్టె. మా ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చి, ఏదో కాగితం రొంటిన దోపుకుని సముద్రంలోకి దిగారు. నేను అంతకుముందే మూడు మునకలు వేసి వచ్చి కూర్చున్నాను. తిరిగొచ్చి చొక్కా తొడుక్కుని, స్టాండు దగ్గరికి నడిచి రొంటిలోంచి తీస్తే తెల్లటి పిండిముద్ద వచ్చింది.

"చీటీ తడిసిపోయిందండి," అన్నారు ఆయన.

"నంబరెంత బాబూ?"

"గుర్తులేదండి."

"తాళంచెవి ఉందంటారేమో, దాంతో పని లేదు. ఇక్కడ ఒక్క చెవికి పది తాళాలొస్తాయి. పోయినేడు వేలు పెట్టి చూపించినోడికి చూపించిన సైకిలిచ్చి తన్నులు తిన్నాను. అందరూ తీసుకెళ్ళాక మిగిలిన సైకిలు మీది. కూర్చోండి," అన్నాడు పెద్దాయన.

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్న మనిషి చీటీతో సముద్రంలోకి దిగడమేమిటి? నంబరు డెబ్బై మూడు. పొద్దున సుద్దతో రాస్తుంటే చూశాను. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. అంతలో ఆయన సరుగుడు నీడలో తువ్వాలు పరిచి, "ఇలా రా, ఇక్కడ ఎండ లేదు," అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

గంట మోగింది. మా సీటు మీద గీత పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఉపవాసం అని చెప్పి వచ్చినదాన్ని వేరుశెనక్కాయలు తిన్నాను. ఆయన ఆఫీసులో గుమాస్తాలందర్నీ అనుకరించి చూపించారు. అద్దెకు చూసిన గది గురించి, దాని పెరట్లో ఉన్న నిమ్మచెట్టు గురించి చెప్పారు. నాకు వంట అంతగా రాదని ఒప్పేసుకున్నాను. తనకు చారు కాచడం వచ్చని ఆయన అన్నారు. నా జీవితంలో అంత హాయిగా ఎవరితోనూ మాట్లాడలేదు.

పొద్దు వాలింది. స్టాండులో పదకొండు సైకిళ్ళు మిగిలాయి. నాన్న వీధి గుమ్మంలో నిలబడి ఉంటారనిపించింది. ఇక దాచలేక లేచి వెళ్ళాను.

"డెబ్బై మూడు బాబాయ్."

"పొద్దుటే చెప్పొచ్చుగా తల్లీ."

"ఇప్పుడే గుర్తొచ్చింది."

మా ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

ఇంటికి చేరేసరికి నాన్న అనుకున్నట్టే గుమ్మంలో ఉన్నారు. ముందు సైకిలును, తర్వాత మమ్మల్ని చూశారు.

"చీకటి పడకముందే రమ్మన్నాను గదా."

"పౌర్ణమి గదా మావయ్యగారూ, చీకటెక్కడ పడిందండి," అన్నారు ఈయన. వెనక చంద్రుడు నిండుగా ఉన్నాడు. నాన్న సీటు మీది సుద్దగీతను తువ్వాలుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళారు.

మర్నాడు ఆయన రేపల్లె వెళ్ళాక, ఉప్పుగాలికి బిరుసెక్కిన ఆ చొక్కాను ఉతకబోయి జేబులో చెయ్యి పెట్టాను. చీటీ దొరికింది. పొడిగా, మడత నలగకుండా, డెబ్బై మూడు. ఆయన స్నానం చేసినంతసేపూ అది నా ఒళ్ళోనే ఉంది.

రొంటిలో తడిసిన కాగితమేమిటో నేను ఇప్పటికీ అడగలేదు. నంబరు ఎప్పుడు గుర్తొచ్చిందని ఆయనా నన్నడగలేదు. ఆ మంచి రోజేదో కాస్త త్వరగా చూడమని మాత్రం నాయనమ్మకి ఆ పూటే సిగ్గు విడిచి చెప్పాను.